పిట్ట వెంట పడొద్దు: విశాఖ పెరళ్లలో చిన్న పిట్టల ఫొటోలు తీయడం ఎలా?

కొండకర్ల ఆవలో కొంగను ఫొటో తీయడం తేలిక. నీళ్లలో నిలబడిందంటే మీరు లెన్స్ మార్చుకునేదాకా కదలదు. అదే మీ పెరట్లో జామచెట్టు మీద జిట్టను, అంటే దర్జీ పిట్టను, తీయండి చూద్దాం. గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది, పిట్ట మాత్రం కనపడదు. కనపడినా ఆకు వెనక సగం, కొమ్మ కింద సగం. కెమెరా కంటికి ఆనించేలోపు పక్కింటి గోడ దాటిపోతుంది.

పక్షుల ఫొటోలు మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇక్కడే విసిగిపోయి, పెద్ద లెన్స్ కొంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. 600 ఎంఎం లెన్స్ పట్టుకుని పిట్ట వెంట చెట్టు చుట్టూ తిరిగేవాళ్లకన్నా, 300 ఎంఎంతో ఒకే కొమ్మ ముందు కుదురుగా కూర్చున్నవాళ్లకే మంచి ఫొటోలు వస్తాయి. కాబట్టి కింద చెప్పేదంతా ఆ కూర్చోవడం గురించే. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు, దేని ముందు, కెమెరాను ఎలా సిద్ధం చేసుకుని.

1. ముందు ఏ పిట్ట కావాలో తేల్చుకోండి

"పిట్టల్ని తీస్తాను" అని బయల్దేరితే ఏదీ సరిగ్గా రాదు. ఒక్కో పిట్ట నడక వేరు, వేళ వేరు, కూర్చునే ఎత్తు వేరు. ఒకటి ఎంచుకోండి. అది పూర్తయ్యాక రెండోది.

చెయ్యి తిరగడానికి పెద్ద నల్లంచిని మించింది లేదు. మగది నలుపు తెలుపుల్లో ఉంటుంది. తెల్లవారుజామున డాబా పిట్టగోడ మీదో, కేబుల్ వైరు మీదో కూర్చుని ఈల వేస్తుంది. పాట సాగినంతసేపూ దాదాపు అక్కడే ఉంటుంది. పిగిలిపిట్ట, అంటే మన బుల్‌బుల్, కూడా మనుషులకు అలవాటు పడినదే. ఈ రెండూ బాగా వస్తున్నాయి అనిపించేదాకా చిన్నవాటి జోలికి వెళ్లకండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ విషయంలో నేర్చుకోవాల్సింది సగం ఇక్కడే అయిపోతుంది.

తర్వాత తేనెపిట్టలు. మన ఊళ్లో మామూలుగా కనపడేవి రెండు రకాలు. మొదటిదాని పొట్ట పసుపు, మగదానికి రొమ్ము మీద ముదురు ఎరుపు, నడుము మీద ఊదా మెరుపు. ఇంగ్లిష్ పుస్తకాల్లో పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్ అని ఉండేది ఇదే. పొడవు పది సెంటీమీటర్లకు మించదు. రెండోది పర్పుల్ సన్‌బర్డ్. జత కట్టే కాలంలో మగది నల్లగా కనపడుతుంది కానీ, ఎండ సరైన వైపు నుంచి పడితే నీలం, ఊదా రంగులు ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ కాలం అయిపోగానే మగదీ ఆడదానిలాగే తయారవుతుంది, గొంతు నుంచి పొట్టదాకా ఒక నల్ల చార మాత్రం మిగులుతుంది. ఆ చార చూసి కొత్త పిట్ట దొరికిందని సంబరపడేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు.

అసలు పరీక్ష జిట్ట దగ్గర మొదలవుతుంది. ఆకులు కుట్టి గూడు కట్టే పిట్ట కాబట్టి దర్జీ పిట్ట అని కూడా అంటారు. నెత్తి మీద తుప్పు రంగు, వీపు ఆకుపచ్చ, తోక ఎప్పుడూ పైకి నిక్కి ఉంటుంది. నేలకు దగ్గరగా, పొదల లోపలే తిరుగుతుంది. అరిచేటప్పుడు మెడకు రెండు పక్కలా నల్లటి మచ్చ బయటపడుతుంది. ఆ మచ్చ కనిపిస్తున్న ఫొటో వచ్చిందంటే మీరు దాన్ని సరిగ్గా పట్టినట్టే.

అన్నిటికన్నా కష్టమైనది ఫ్లవర్‌పెకర్. ఎనిమిది సెంటీమీటర్లు, మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఒకటి. బూడిద రంగు ఒళ్లు, లేత గులాబీ ముక్కు, అలంకారం ఏమీ లేదు. "ఇంత కష్టపడి దీన్నా తీసేది?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగనివ్వండి.

చలికాలంలో మరో రెండు చేరతాయి. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, గ్రీనిష్ వార్బ్లర్. ఉత్తరాది నుంచి వలస వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉండే మట్టిరంగు, ఆకురంగు పిట్టలు. పొదలోంచి "చెక్ చెక్" అని నాలుక చప్పరించినట్టు వినిపిస్తే మొదటిది అక్కడ ఉన్నట్టు. వాటిని తీయడం ఆరితేరినవాళ్లకే అలసట తెప్పిస్తుంది. మొదటి ఏడాది వదిలేయండి.

2. వారం రోజులు కెమెరా ముట్టుకోకండి

ఇది చెబితే ఎవరూ వినరు, కానీ దీనికి అడ్డదారి లేదు. ఎంచుకున్న పిట్ట కోసం రోజూ ఒకే వేళకు, ఒకే చోట, కాఫీ గ్లాసుతో కూర్చోండి. చిన్న నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాసుకోండి. ఎన్ని గంటలకు వచ్చింది, ఎటు నుంచి వచ్చింది, ముందు ఏ కొమ్మ మీద వాలింది, ఎటు వెళ్లింది.

నాలుగో రోజుకే ఒక వరస కనపడటం మొదలవుతుంది. తేనెపిట్ట పువ్వులో తేనె తాగేశాక అది మళ్లీ ఊరడానికి కొంత సమయం పడుతుంది. అందుకే తిరిగిన పూలకే, దాదాపు అదే దారిలో, మళ్లీ మళ్లీ వస్తుంది. నేరుగా పువ్వు మీద వాలదు. ముందు పక్కన ఒక ఎండు పుల్ల మీద కూర్చుని అటూ ఇటూ చూస్తుంది. మీకు కావలసింది ఆ పుల్ల. పువ్వు మీద ఉన్నప్పుడు తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు ఆడిస్తూ ఉంటుంది. పుల్ల మీద మాత్రం ఒకటి రెండు క్షణాలు నిమ్మళంగా ఉంటుంది.

జిట్ట కూడా ఇంతే. పొదలో తిరుగుతున్నంతసేపూ దొరకదు. పాడటానికి మాత్రం బయటికి వస్తుంది. ప్రతి మగ జిట్టకూ రెండు మూడు పాట కొమ్మలు ఉంటాయి, ఎక్కువగా పొద అంచున ఆకు తక్కువున్న చోట. వాటిని గుర్తుపెట్టుకోండి.

చెవి కూడా తయారు కావాలి. పిట్ట కనపడకముందే వినపడుతుంది కదా. ఫ్లవర్‌పెకర్ ఎగురుతూ పొడిపొడిగా "టిక్ టిక్" అంటుంది. వేగంగా, ఎడతెగకుండా, సుత్తి దెబ్బల్లా "టుక్ టుక్" వినిపిస్తే అది కంసాలి పిట్ట, చెట్టు పైకొమ్మల్లో ఉంటుంది. పేర్లు తెలియకపోతే ఫోన్‌లో మెర్లిన్ యాప్ పెట్టుకోండి. శబ్దం విని పేరు చెబుతుంది. పూర్తిగా నమ్మకండి, కళ్లతో చూసి సరిచూసుకోండి.

3. కూర్చునే చోటు

అపార్ట్‌మెంట్లో ఉంటున్నాం, పెరడు ఎక్కడిది అనుకోకండి. మొదటి లేదా రెండో అంతస్తు బాల్కనీ చాలాసార్లు పెరడుకన్నా మేలు. నేల మీద నిలబడితే చెట్టు మీది పిట్టను కింద నుంచి చూస్తాం, పొట్టా, వెనక తెల్లటి ఆకాశం తప్ప ఇంకేం రావు. బాల్కనీలో మీరు కొమ్మల ఎత్తున ఉంటారు. పిట్ట కన్ను, మీ లెన్స్ ఒకే వరుసలో ఉంటే ఫొటో తీరే మారిపోతుంది. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో పాత అపార్ట్‌మెంట్ల పక్కన పెరిగిన మామిడి, మునగ, బాదం చెట్ల కొమ్మలు బాల్కనీ అంచు దాకా వచ్చి ఉంటే అంతకన్నా ఏం కావాలి?

పావురాల నెట్ వేయించారా? తీసేయాల్సిన పని లేదు. లెన్స్ ముందు భాగాన్ని నెట్‌కు ఆనించి, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి తీయండి. దారం అంత దగ్గరగా ఉంటే ఫోకస్‌లోంచి పూర్తిగా కరిగిపోతుంది. ఒక అడుగు వెనక్కి జరిగితే మాత్రం ఫొటో అంతా పొగ కమ్మినట్టు వస్తుంది. కిటికీ అద్దం వెనక నుంచి అయితే అద్దానికి ఎదురుగా, నిటారుగా పెట్టండి. లోపలి లైటు ఆర్పేయండి.

ఇంట్లో వీలు లేనివాళ్లకు ఊళ్లో చోట్లకు కొదవ లేదు. పెద్ద వాల్తేరులోని బయోడైవర్సిటీ పార్కు, ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణ, బీచ్ రోడ్డు పక్కన ఇప్పటికీ అందరూ వుడా పార్కు అనే తోట, ముడసర్లోవ. ఇందిరా గాంధీ జూ పార్కులో బోనుల్లో ఉన్నవాటిని పక్కన పెట్టి, బోనుల మధ్య చెట్ల మీద స్వేచ్ఛగా తిరిగేవాటిని చూడండి. మనుషుల రద్దీకి అలవాటు పడి దగ్గరికి రానిస్తాయి. సుమారు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఊరికి ఆనుకునే ఉంది. కానీ మొదట్లో అక్కడికి వెళ్లొద్దని నా సలహా. అడవి పిట్ట మనిషిని చూసి ఆగదు, దట్టమైన నీడలో వెలుగు చాలదు, నేర్చుకోవడానికి చోటు కాదు. పార్కుల్లో కెమెరాకు వేరే టికెట్టు ఉండొచ్చు, గేటు దగ్గర అడగండి.

ఒక జాగ్రత్త మన ఊరికి ప్రత్యేకం. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. నేవీ గోడల పక్కన, డాల్ఫిన్స్ నోస్ వైపు, పోర్టు, విమానాశ్రయం పరిసరాల్లో పొడవాటి లెన్స్ బయటికి తీయకండి. మీరు తీస్తున్నది తేనెపిట్టనే అయినా, కాపలా ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు.

కాలనీలో కూడా అంతే. బాల్కనీలోంచి మూరెడు లెన్స్ ఎదురింటి వైపు తిప్పితే ఎవరికైనా టెన్షనే. ముందే వెళ్లి చెప్పేయండి. "పిన్నిగారూ, మీ మందారం మీదకి తేనెపిట్ట వస్తోందండీ, పొద్దున్నపూట దానికి ఫొటో తీసుకుంటాను" అంటే చాలు. రెండు రోజులకు ఆవిడే ఫోన్ చేసి "ఏమయ్యా, మీ పిట్ట వచ్చింది, రావేం?" అంటారు. తీసిన ఫొటో ఒకటి ఆవిడకు పంపడం మరిచిపోకండి.

4. పిట్టను మీ దగ్గరికి రప్పించండి

దీని మీద పెట్టిన శ్రమ లెన్స్ మీద పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

తేనెపిట్టకు మందారం, నూరువరహాలు, మునగ, అరటి. మందారం విషయంలో ఒక కిటుకు ఉంది. తేనెపిట్ట చాలాసార్లు పువ్వు ముందు నుంచి కాకుండా, తొడిమ దగ్గర పక్క నుంచి ముక్కు గుచ్చి తేనె లాగేస్తుంది. మీరు పువ్వుకు ఎదురుగా కూర్చుంటే రేకుల వెనక తోక మాత్రమే కనపడుతుంది. పక్కకు జరగండి. అరటి పువ్వు ఇంకా మంచిది. రోజుల తరబడి వేలాడుతూనే ఉంటుంది, రేకులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి, పిట్ట రోజూ వస్తుంది. పైగా ఆ ముదురు ఊదా రంగు వెనక ఉంటే పసుపు పొట్ట ఎంత బాగుంటుందో చూడాలి.

ఫ్లవర్‌పెకర్‌కు సింగపూర్ చెర్రీ చెట్టు వెతకండి. రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో దానంతట అదే మొలుస్తుంది. ఎర్రటి పళ్ల కోసం పొద్దుటి నుంచీ వస్తూనే ఉంటుంది. రెండో ఆకర్షణ బదనిక. మామిడి కొమ్మల మీద పట్టే ఈ బదనిక పండును ఫ్లవర్‌పెకర్ మింగుతుంది, జిగురు పట్టిన గింజ మరో కొమ్మకు అంటుకుని అక్కడ మొలుస్తుంది. రైతుకు కంటగింపు, మనకు మాత్రం పండగ. పెరట్లో ముసలి మామిడికి ఒక గుత్తి ఉంటే దాన్ని కొట్టించేముందు ఒక సీజన్ ఆగండి.

నీళ్లు అన్ని పిట్టలకూ పనికొస్తాయి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. వెడల్పాటి మట్టి మూకుడు, రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీళ్లు, మధ్యలో ఒక గరుకు రాయి. అంతకన్నా లోతుంటే చిన్నవి దిగవు. పిల్లులు దాక్కునే పొదకు దూరంగా, నడుము ఎత్తున పెట్టండి. పైన ఒక సీసాకు సూది బెజ్జం పెట్టి చుక్కచుక్కగా పడేలా వేలాడదీస్తే ఆ చప్పుడుకే వస్తాయి. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే పిట్టలకన్నా ముందు డెంగీ దోమలు చేరతాయి.

తేనెపిట్టలు మూకుడులో దిగడం తక్కువ. తడి ఆకుల మీద దొర్లి స్నానం చేస్తాయి. పొద్దున్న ఏడు, ఎనిమిది మధ్య వెడల్పాటి ఆకులున్న మొక్క మీద పైపుతో నీళ్లు చిలకరించి దూరంగా కూర్చోండి. రెక్కలు విప్పి ఆకు మీద జారుతుంటే తీసిన ఫొటో మామూలుగా కొమ్మ మీద కూర్చున్న పది ఫొటోలతో సమానం.

చక్కెర నీళ్ల ఫీడర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. నేను సిఫారసు చేయను. మన ఎండకు త్వరగా పులుస్తాయి, చీమలు పడతాయి, ఫొటోలో ఎర్ర ప్లాస్టిక్ కనపడుతుంది. ఆ డబ్బుకు రెండు నూరువరహాల మొక్కలు వస్తాయి.

ఇక వాలే కొమ్మ. మీ పరిశీలనలో తేలిన ఎండు పుల్ల అందంగా లేదనుకోండి, లేదా దాని వెనక సింటెక్స్ ట్యాంకు కనపడుతోందనుకోండి. పువ్వుకు రెండు అడుగుల్లోపు, అన్నిటికన్నా కాస్త బయటికి వచ్చేలా మరో కొమ్మను కుండీలో గుచ్చి నిలబెట్టండి. చిటికెన వేలంత సన్నగా ఉండాలి. లావు కొమ్మ మీద ఎనిమిది సెంటీమీటర్ల పిట్ట కాళ్లు కూడా కనపడవు. అలవాటు పడటానికి ఒకటి రెండు రోజులు ఇవ్వండి.

5. వెలుగు, వెనకాల

విశాఖలో పొద్దు తొందరగా పొడుస్తుంది. జూన్ మొదట్లో 5:20 ప్రాంతంలోనే సూర్యోదయం, జనవరి మధ్యలో 6:30 దాకా ఆగాలి. సముద్రం తూర్పున ఉంది కాబట్టి తీరం వైపు ఇళ్లకు అడ్డు లేని తొలి వెలుగు దొరుకుతుంది. కొండకు పడమటి పక్కన ఉన్న కాలనీల్లో ఎండ ఆలస్యంగా తగులుతుంది, కానీ అక్కడ మెత్తటి నీడ వెలుగు ఎక్కువసేపు ఉంటుంది. తూర్పు వైపు వాలులో ఉంటే సాయంత్రం ఎండ తొందరగా పోతుంది. మీ ఇల్లు ఎక్కడుందో చూసుకుని వేళ పెట్టుకోండి.

పొద్దు మీ వీపు వెనక ఉండాలి. తేనెపిట్టల విషయంలో దీనికి ప్రత్యేక కారణం ఉంది. వాటి మెరుపు రంగు ఈకల్లో కలిసిన రంగు కాదు, ఈకల నిర్మాణం మీద వెలుగు పడి తిరిగి వచ్చే తీరు వల్ల పుట్టేది. వెలుగు మీ వైపు తిరిగి రాకపోతే పిట్ట బొగ్గు ముక్కలా ఉంటుంది. ఆ నలుపును కంప్యూటర్‌లో ఎంత గుంజినా నీలం రాదు. మబ్బు పట్టిన రోజు మెరుపు తగ్గుతుంది కానీ, నలుపు తెలుపుల నల్లంచికి ఆ వెలుగే మంచిది.

వేసవిలో తొమ్మిది దాటాక సిమెంటు డాబాలు, రేకుల షెడ్ల మీదుగా తీయకండి. వేడి గాలి తెరలు తెరలుగా లేస్తుంది, పొడవాటి లెన్స్‌లో అది పిట్ట ఈకల్ని మసకబారుస్తుంది. లెన్స్ పాడైందని షాపుకు పరిగెత్తేవాళ్లలో కొందరికి అసలు జబ్బు ఇదే.

వెనకాల ఏముందో పిట్ట రాకముందే చూసుకోవాలి. కొమ్మ ఖాళీగా ఉన్నప్పుడే ఒక ఫొటో తీసి చూడండి. వైర్లు, ఆరేసిన బట్టలు, తెల్ల గోడ కనపడితే ఒక అడుగు పక్కకో కిందకో జరగండి. కొమ్మకూ వెనక చెట్లకూ మధ్య నాలుగైదు మీటర్లుంటే అంతా ఆకుపచ్చగా కరిగిపోతుంది.

6. కెమెరా

ఇప్పుడు లెక్క చూద్దాం. ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఉన్న కెమెరా, 300 ఎంఎం లెన్స్, ఎనిమిది సెంటీమీటర్ల పిట్ట. నాలుగు మీటర్ల దూరంలో అది ఫ్రేమ్ వెడల్పులో సుమారు పావు వంతు ఉంటుంది. పది మీటర్లలో పదో వంతు. అంటే దూరం తగ్గించుకోవడమే చౌకైన జూమ్. దీనికోసమే ఇంతసేపూ కొమ్మలూ మూకుళ్లూ.

150-600 లెన్స్ ఉన్నవాళ్లు మరోటి గుర్తుంచుకోవాలి. ఇవి రకాన్ని బట్టి సుమారు 2.2 నుంచి 2.8 మీటర్లకన్నా దగ్గర ఉన్నదాన్ని ఫోకస్ చేయలేవు. చిన్న బాల్కనీలో ఇది నిజంగా ఇబ్బందే. కుండీని ముందే కొలిచి మూడు మీటర్ల అవతల పెట్టండి. నికాన్ పీ900, పీ1000 లాంటి జూమ్ కెమెరాలు మంచి వెలుగులో బాగానే పనిచేస్తాయి. సెన్సర్ చిన్నది కాబట్టి నీడలో తేలిపోతాయి. ఫోన్ మాత్రమే ఉంటే నీళ్ల మూకుడుకు మీటరు దూరంలో చిన్న ట్రైపాడ్ మీద పెట్టి, బ్లూటూత్ రిమోట్‌తో లోపలి నుంచి నొక్కండి. పిగిలిపిట్టలకు, జినువాయిలకు (మునియాలకు) ఇది చాలు.

షటర్ వేగంతో మొదలుపెట్టండి. కొమ్మ మీద పాడే నల్లంచికి 1/500 సెకను సరిపోతుంది. తేనెపిట్టకు, జిట్టకు 1/1250కి తగ్గకండి. పువ్వు ముందు రెక్కలాడిస్తుంటే 1/2000 పైన. ఎపర్చర్ లెన్స్ ఇచ్చినంత తెరవండి, మామూలుగా ఎఫ్/5.6 లేదా 6.3. ఐఎస్‌ఓను, అంటే సెన్సర్ వెలుగును పట్టే సున్నితత్వాన్ని, ఆటోలో వదిలి, పై హద్దు 6400 పెట్టండి. ఐఎస్‌ఓ అంటే భయపడి షటర్ తగ్గించేవాళ్లు ఎక్కువ. ఐఎస్‌ఓ పెరిగి గింజలు (నాయిస్) పడిన ఫొటోను సాఫ్ట్‌వేర్ బాగుచేస్తుంది, కదిలిపోయినదాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఫైళ్లు రా (RAW) ఫార్మాట్‌లోనే.

ఫోకస్ దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. 600 ఎంఎం, ఎఫ్/6.3, నాలుగు మీటర్ల దూరం. ఈ కొలతల్లో స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక్క సెంటీమీటరు. తేనెపిట్ట ముక్కు కొన నుంచి కన్ను దాకా ఉన్న దూరం అంతకన్నా ఎక్కువ. కాబట్టి ఫోకస్ కన్ను మీదే ఉండాలి, ముక్కు కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు. పిట్ట మీకు పక్కవాటుగా తిరిగినప్పుడు నొక్కితే రెండూ వస్తాయి. మీ కెమెరాలో పక్షి కన్ను గుర్తించే సదుపాయం ఉంటే వాడండి, కానీ దట్టమైన ఆకుల్లో అది ఆకునే కన్ను అనుకుంటుంది. అక్కడ ఒకే చిన్న పాయింటు పెట్టుకోవడం మేలు. కదిలే పిట్టను వదలకుండా ఫోకస్ చేస్తూ ఉండే మోడ్ (ఏఎఫ్-సీ, కెనాన్‌లో అయితే ఏఐ సర్వో లేదా సర్వో ఏఎఫ్) ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. ఫోకస్ పనిని షటర్ బటన్ నుంచి తీసేసి వెనక బటన్‌కు ఇవ్వండి. పిట్ట రాకముందే ఆ పుల్ల మీద ఫోకస్ చేసి వేలు తీసేస్తే లెన్స్ అక్కడే ఆగి ఉంటుంది. పిట్ట వాలిన క్షణంలో లెన్స్ దూరంలోని ట్యాంకు దాకా వెళ్లి రావాల్సిన పని ఉండదు.

ఆకాశం వెనక ఉంటే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పైకి, అవసరమైతే ఒకటిన్నర పైకి. నీడ ముందు నల్లంచి తెల్ల పొట్ట మెరుస్తుంటే అర నుంచి ముప్పావు స్టాప్ కిందకి. తెలుపు ఒకసారి కాలిపోతే ఈక గీతలు తిరిగి రావు.

ట్రైపాడ్ పెరటి పిట్టలకు చాలాసార్లు అడ్డమే. బాల్కనీ రెయిలింగ్ మీద గుడ్డ సంచిలో బియ్యమో పెసలో పోసి దాని మీద లెన్స్ ఆనించండి. తిరగడం తేలిక, ఖర్చు లేదు, సాయంత్రం బియ్యం మళ్లీ డబ్బాలో పోసేయొచ్చు.

7. కూర్చోవడం

సూర్యోదయానికి పావుగంట ముందే చోటుకు చేరండి. ముదురు ఆకుపచ్చో, మట్టి రంగో చొక్కా వేసుకోండి. తెల్ల బనీను వద్దు. పాత దుప్పటినో ముదురు రంగు చీరనో తాడు మీద వేసి, లెన్స్ పట్టేంత సందు వదిలితే మంచి తెర తయారవుతుంది. అత్తరు గురించి ఎవరో చెబుతారు, పట్టించుకోకండి. పిట్టలు ముఖ్యంగా చూసేది కదలికను. కెమెరాను ఒడిలో పెట్టుకుని, పిట్ట రాగానే పైకి లేపితే పని చెడుతుంది. ముందు నుంచే కంటి దగ్గర, కొమ్మ వైపు గురిపెట్టి ఉంచండి.

పిట్ట మొదటిసారి వాలినప్పుడు నొక్కకండి. రెండోసారి కూడా ఆగితే మంచిది. షటర్ చప్పుడు లేని మోడ్ ఉంటే వాడొచ్చు, అయితే ఎలక్ట్రానిక్ షటర్‌లో వేగంగా ఆడే రెక్కలు వంకరపోతాయి. మూడేసి, నాలుగేసి ఫ్రేములు చొప్పున చిన్న విడతలుగా తీయండి. తల తిప్పిన క్షణం, కంటిలో వెలుగు చుక్క మెరిసిన క్షణం, నోరు తెరిచి అరిచిన క్షణం చూసి నొక్కాలి. తుపాకీలా పేలిస్తే కార్డు నిండుతుంది, రాత్రి నిద్ర పోతుంది.

ఒక పొద్దు ఏమీ రాకుండా పోవడం మామూలే. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం కమ్మితే ఎక్కడో డేగ కూర్చుందేమో చూడండి. అది వెళ్లేదాకా చిన్నవి బయటికి రావు.

8. చేయకూడనివి

గూడు ఫొటో వద్దు. జిట్ట కుట్టిన ఆకుల గూడు, తేనెపిట్ట వేలాడే గూడు చూస్తే ఎవరికైనా తీయాలనిపిస్తుంది. మీరు పదేపదే వెళ్లే చోటును కాకి గమనిస్తుంది, జెముడుకాకి గమనిస్తుంది, వీధి పిల్లి గమనిస్తుంది. అడ్డంగా ఉందని ఒక ఆకు తుంచితే గూటికి ఎండ తగులుతుంది. ఇది మర్యాద ఒక్కటే కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లకు, గూళ్లకు భంగం కలిగించడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. అనుకోకుండా గూడు కనపడితే ఆ మొక్క వైపు కొన్ని వారాలు వెళ్లకండి.

ఫోన్‌లో పాట వినిపించి మగ పిట్టను రప్పించడం కూడా మానండి. తన హద్దులోకి మరో మగది వచ్చిందని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. ఆ కోపంలో ఉన్న పిట్ట ఫొటోలు అన్నీ ఒకేలా ఉంటాయి కూడా.

9. ఇంటికి వచ్చాక

ముందు తీసేయండి, తర్వాత దిద్దండి. కన్ను స్పష్టంగా లేనివన్నీ డిలీట్. పిట్ట ఎంత బాగా వచ్చినా ముఖం మీద ఆకు నీడ గీత పడినది డిలీట్. మిగిలినవాటిలో కొద్దిగా క్రాప్, కొద్దిగా గింజల తగ్గింపు. తేనెపిట్ట రంగును మరింత పెంచాలనే కోరికను ఆపుకోండి, దాని అసలు రంగే నమ్మేట్టు ఉండదు. తేదీ, వేళ, చోటు రాసి, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చేర్చితే మీ ఫొటో పరిశోధకులకు కూడా పనికొస్తుంది.

కెమెరా సంరక్షణ ఈ ఊళ్లో పక్కన పెట్టే విషయం కాదు. ఉక్కపోత, ఉప్పుగాలి రెండూ లెన్స్‌కు శత్రువులే. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్ వేసి ఉంచి, అరగంట బయట పెట్టాక తెరవండి. బీచ్ దగ్గర తీసి వచ్చిన రోజు లెన్స్ ఒంటిని కాస్త తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. తోలు సంచిలో, బీరువాలో బట్టల మధ్య పెడితే ఫంగస్ ఖాయం. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటరు చాలు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. రంగు మారే రకం జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే తేమ నిండిందని లెక్క. పాత మూకుట్లో సన్నటి సెగ మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడి చేసి, చల్లారాక డబ్బాలో వేయండి. ఆ మూకుడు మళ్లీ వంటకు వాడకండి.